తెగని తిలిస్మ్

1994 మార్చిలో దూరదర్శన్‌లో మొదలైన ‘చంద్రకాంత’ 1996లో ఆగిపోయింది. మొదలైనప్పుడు సూర్యాపేటలో టీవీ ఉన్న ఇళ్ల గడపల దగ్గర ఇరుగుపొరుగు పిల్లల చెప్పులు గుట్టపడ్డాయి. ఆగిపోయినప్పుడు ఏమైందని అడిగిన మనిషి లేడు. కథకు ఇంతకు మించిన చావు ఉండదు. తిట్టేవాళ్లు ఉన్నన్నాళ్లూ అది బతికున్నట్టే. అడిగేవాళ్లు కరువైన రోజున పోయినట్టు లెక్క.

ఆ రోజుల్లో సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ మూడూ నల్లగొండ జిల్లాలోవే. సూర్యాపేట జిల్లా పుట్టింది 2016లో. హైదరాబాదు నుంచి విజయవాడ పోయే రహదారి మీద మొదటి రెండు ఊళ్లు. మూడోది సాగర్ ఎడమ కాలువ నీళ్లతో, రైసుమిల్లులతో ఎదిగిన ఊరు. ఈ మూడింటిలోనూ ఎక్కువ ఇళ్లలో హిందీ మాట్లాడరు. అయినా కాశీలో పుట్టిన ఒక హిందీ నవల ఇక్కడ కొన్నాళ్లు రాజ్యమేలింది, తర్వాత కూలింది. ఆ కూలిన తీరు చెప్పుకోవాలి. ఎందుకంటే దాని తర్వాత వచ్చిన ఎన్నో పెద్ద సీరియళ్లు, కోట్ల డాలర్లు పోసి తీసినవి కూడా, అదే దారిన పోయాయి.

ముందు పుస్తకం సంగతి. దేవకీనందన్ ఖత్రీ 1861లో బీహారులో పుట్టి కాశీలో స్థిరపడ్డాడు. కాశీ రాజావారి ఏలుబడిలోని చకియా, నౌగఢ్ అడవులను గుత్తకు తీసుకుని ఆ కొండల్లో, పాడుబడిన కోటల్లో ఏళ్ల తరబడి తిరిగాడు. గుత్త చేజారింది. చూసిన కోటలు మాత్రం కళ్లలో నిలిచిపోయాయి. వాటితోనే 1888లో ‘చంద్రకాంత’ను లోకం మీదికి వదిలాడు.

నౌగఢ్ రాకుమారుడు వీరేంద్రసింగ్, విజయగఢ్ రాకుమారి చంద్రకాంత ఒకరినొకరు ప్రేమించుకున్నారు. విజయగఢ్ దివాను కొడుకు క్రూర్‌సింగ్‌కు ఆ పిల్లా కావాలి, ఆ గద్దే కావాలి. తన వల్ల కాక వాడు చునార్ రాజు శివదత్తుడి పంచన చేరాడు. అక్కడి నుంచి కథ అయ్యార్ల చేతుల్లోకి పోతుంది. వేగు, బహురూపి, వైద్యుడు, దొంగ నలుగురూ ఒకే ఒంట్లో ఉంటే వాడు అయ్యారు. భుజాన సంచి. సంచిలో ముఖానికి పూసుకునే రంగులు, అద్దం, మత్తుపొడి, మత్తు దింపే వాసన మందు, గోడలెక్కే తాడు. మనవాళ్ల వైపు తేజ్‌సింగ్, అవతలి వైపు బద్రీనాథ్. వీళ్ల ఎత్తులకు పైఎత్తుల మధ్య ఒక తిలిస్మ్ ఉంటుంది. ఎప్పుడో ఎవరో నిధిని దాచి, లోపలికి పోయినవాడు బయటికి రాకుండా కట్టిన చిక్కుదారుల కట్టడం అది.

ఖత్రీ కంటే ముందే ఉర్దూలో ‘తిలిస్మ్-ఎ-హోష్‌రుబా’ ఉంది. లక్నోలోని నవల్‌కిశోర్ ప్రెస్ 1883 నుంచి సంపుటాల మీద సంపుటాలుగా అచ్చువేసిన మహా గాథ. అందులో మంత్రగాళ్లు నిజంగానే మంత్రం వేస్తారు. ఖత్రీ ఆ మంత్రాన్ని తీసి పక్కన పెట్టాడు. ఆయన తిలిస్మ్‌లో రాతిబొమ్మ చెయ్యి కదిపిందంటే లోపల యంత్రం ఉన్నట్టు. తలుపు దానంతటదే మూసుకుందంటే దాని వెనక ఎవడో పనివాడు ఏనాడో బిగించిన ఏర్పాటు ఉన్నట్టు. అయ్యార్లకూ ఒక కట్టుబాటు పెట్టాడు. ఒక అయ్యారు ఇంకొక అయ్యారును పట్టి బంధించవచ్చు, చంపకూడదు. ఈ రెండు నియమాల మీద పుస్తకమంతా నిలబడింది. ఎంత చిక్కులో పడ్డా బయటికి దారి ఉంటుందని, ఆ దారిని రచయిత ముందే కట్టి ఉంచాడని చదివేవాడికి భరోసా. ఆ భరోసాతోనే జనం పేజీలు తిప్పారు. ఉర్దూ మాత్రమే వచ్చినవాళ్లు ఈ నవల కోసం నాగరి అక్షరాలు దిద్దుకున్నారని హిందీ సాహిత్య చరిత్రల్లో రాసి ఉంది. 1898లో ఖత్రీ కాశీలో లహరీ ప్రెస్ పెట్టుకున్నాడు. నాలుగు భాగాల ‘చంద్రకాంత’ వెనకే ఇరవైనాలుగు భాగాల ‘చంద్రకాంతా సంతతి’ వచ్చింది. ‘భూతనాథ్’ సగంలో ఉండగా 1913లో ఆయన పోయాడు. కొడుకు దుర్గాప్రసాద్ దాన్ని పూర్తిచేశాడు. తండ్రి ఎత్తుకున్న కథను ముగించకుండా వదలరాదన్న పట్టింపు ఆ ఇంట్లో ఉండేది.

‘చంద్రకాంత’ నవల వచ్చిన నూరేళ్ల పైచిలుకు తర్వాత నీర్జా గులేరీ దాన్ని టీవీకెక్కించారు.

సూర్యాపేటలో దానికి మొదట దుబాసీలుగా కూర్చున్నది ముసలివాళ్లు. నిజాం కాలంలో ఉర్దూ మీడియంలో చదువుకున్నవాళ్లు 1994 నాటికి అరవై దాటి ఉన్నారు. పాత దస్తావేజు చదివించుకోవాలన్నా, పహాణీలో గీతలు అర్థం కావాలన్నా ఊరు వాళ్ల దగ్గరికే పోయేది. ఆ పనీ తగ్గిపోయి అరుగుల మీద కాలక్షేపం చేస్తున్నవాళ్లకు ఆదివారం పొద్దున ఒక కొలువు దొరికింది. అయ్యారంటే ఏమిటో, తిలిస్మంటే ఏమిటో ఇంట్లో చెప్పగలిగింది వాళ్లే. కోదాడలో ఆ పని హిందీ ప్రచార సభ పరీక్షలకు కట్టిన ఆడపిల్లలది. మధ్యమ, రాష్ట్రభాష పుస్తకాల్లోని హిందీకీ తెరమీది రాచ హిందీకీ చాలా దూరం. అయినా అందిన సగం అందినట్టు, అందని సగం ఊహించి చెప్పేవాళ్లు. మిర్యాలగూడలో లారీల మీద ఉత్తరాదికి పోయి వచ్చిన డ్రైవరన్నలు ఉండనే ఉన్నారు.

మాట తెలియకపోయినా ముఖాలు తెలుసు. ‘మహాభారత్’ అయిపోయి నాలుగేళ్లే. శివదత్తుడిగా పంకజ్ ధీర్ తెరమీదికి రాగానే పిల్లలు “కర్ణుడు! కర్ణుడు!” అని లేచి నిలబడ్డారు. ముఖేశ్ ఖన్నా వస్తే ముసలమ్మలు చేతులు జోడించారు. ఏ వేషంలో ఉన్నా వాళ్లకాయన భీష్ముడే. ‘టిప్పు సుల్తాన్’లో హైదరలీగా చూసిన షాబాజ్ ఖాన్ ఇక్కడ వీరేంద్రసింగ్. శిఖా స్వరూప్ చంద్రకాంత. బద్రీనాథ్‌గా వచ్చిన బక్కపలచని కుర్రవాడు ఇర్ఫాన్ ఖాన్. ఆ కళ్లను తర్వాత ప్రపంచమంతా గుర్తుపడుతుందని అప్పుడు ఎవరికి తెలుసు.

క్రూర్‌సింగ్‌కైతే దుబాసీ అక్కర్లేదు. అఖిలేంద్ర మిశ్రా పెట్టుకున్న కట్టుడు కనుబొమలు నొసటి మీదికి ఎగబాకి ఉండేవి. మెలితిప్పిన మీసం, మాట చివర “యక్కూ” అనే కూత. సోమవారం నాడు బడికి బొగ్గుతో కనుబొమలు దిద్దుకుని వచ్చిన పిల్లలను పంతుళ్లు కొట్టలేక నవ్వుకున్నారు.

కథలోకి కొత్తగా అడుగుపెట్టేవాడికి మొదటి వారమే మూడు సంగతులు తెలియాలి. మనవాడెవడు, పగవాడెవడు, ఎవడికి ఏం కావాలి. నవలాకారుడు ఈ మూడూ చెప్పడానికి తీరిగ్గా పేజీలు తీసుకుంటాడు. ఖత్రీ అయితే కథ ఆపి నేరుగా పాఠకులతోనే మాట్లాడతాడు. తెరకు ఆ వీలు లేదు. అందుకే అది ముఖం మీద, బట్టల రంగు మీద, పాట మీద ఆధారపడుతుంది. ‘చంద్రకాంత’ మొదటి నెలల్లో ఈ పని దివ్యంగా చేసింది. సోనూ నిగమ్ గొంతులో పాట మొదలవగానే రెండు రాజ్యాలు, ఒక ప్రేమ, ఒక పగ కళ్ల ముందు నిలబడేవి. మిగిలిన సందులను ఇంటి దుబాసీ పూడ్చేవాడు.

మా బజారులో ఒక తాత ఉండేవాడు. ‘హోష్‌రుబా’ కథలు పిన్నతనంలోనే విన్నవాడు. టీవీకి ఎదురుగా కాక, పక్కగా గోడకానుకుని కూర్చునేవాడు. తెర కంటే పిల్లల ముఖాలే ఎక్కువ చూసేవాడు.

“తాతా, ఆడేమంటుండు?”

“రాకుమారిని ఎత్తుకపోతనంటుండు.”

“మరి ఈయమ్మ ఎవలు?”

“అమ్మ కాదురా, మనోడే. ఆడోళ్ల యేసం గట్టిండు. సప్పుడు జేయకుండ జూడు బిడ్డా, ఇంకొంచెం సేపైతే నీకే ఎర్కైతది.”

ఆ చివరి మాటలోనే ఉంది కథ తెలిసినవాడి సుఖమంతా. తెలిసి కూడా చెప్పకుండా ఆపుకోవడం, ఎదుటివాడి కళ్లలో అది తెలిసే క్షణం కోసం కాచుకోవడం. కొత్తవాడికి మలుపు కావాలి. పాతవాడికి ఆ మలుపు దగ్గర కొత్తవాడి ముఖం కావాలి. మంచి సీరియల్ ఈ ఇద్దరినీ ఒకే చాప మీద కూర్చోబెడుతుంది.

ఈ నేలకు అది కొత్త విద్య కాదు. ఒగ్గు కథకుడు మల్లన్న పెళ్లి చెబుతున్నప్పుడు ముందు వరుసలో కూర్చున్న ముసలివాళ్లకు కథంతా కంఠతా వచ్చు. వాళ్ల ఒళ్లో పిల్లలకు ఒక్క ముక్కా తెలియదు. పక్కన వంతపాడేవాడు అమాయకంగా ఒక ప్రశ్న వేస్తాడు. ఆ ప్రశ్న పిల్లల కోసం. కథకుడు దానికి ఇచ్చే చమత్కారపు జవాబు ముసలివాళ్ల కోసం. కథకుడు ఆ ఊరి పేరు కలుపుతాడు, ఆ ఊరి పెద్దమనిషి మీద ఒక విసురు విసురుతాడు, పొద్దుపోయిందంటే కొన్ని ఘట్టాలు దాటేస్తాడు. దేవుడి కథలో ఏది జరగాలో అది మాత్రం జరిపించే లేస్తాడు. రెండేళ్లకోసారి సూర్యాపేట దగ్గరి దురాజ్‌పల్లి పెద్దగట్టు మీద లింగమంతుల స్వామి జాతరకు లక్షల మంది వస్తారు. తెలిసిన దేవుడి దగ్గరికే, తెలిసిన కథ దగ్గరికే మళ్లీ మళ్లీ వస్తారు.

అలాగని తెలిసిన కథను మార్చడమే నేరమని చదువరులు అంటారనుకుంటే పొరపాటు. సూర్యాపేట పక్కనే పిల్లలమర్రి ఉంది. రేచర్ల రెడ్లు కట్టించిన గుళ్ల ఊరు. పదిహేనో శతాబ్దపు కవి పిల్లలమర్రి పినవీరభద్రుడు మావాడేనని ఈ ప్రాంతం గొప్పగా చెప్పుకుంటుంది. ఆయన ‘శృంగార శాకుంతలం’ రాసేనాటికి శకుంతల కథ రెండు దారుల్లో ఉంది. భారతంలో దుష్యంతుడు అన్నీ తెలిసే భార్యను కాదంటాడు. కాళిదాసు నాటకంలో దుర్వాసుడి శాపం వచ్చింది, ఉంగరం వచ్చింది, రాజు నిజంగానే మరిచిపోయాడు. పినవీరన రెండు దారులనూ కలుపుకుని తెలుగులో నడిచాడు. ఆలోచిస్తే ఆ శాపం ఎంత పెద్ద మార్పు! ఒక రాజు చేసిన నేరమే తుడిచిపెట్టుకుపోయింది. అయినా లోకం ఒప్పుకుంది. ఎందుకంటే ఆ మార్పుకు కాళిదాసు పూర్తి ధర చెల్లించాడు. ఉంగరం నీళ్లలో పడింది, చేప మింగింది, జాలరికి చిక్కింది, రాజు దాన్ని చూసి కుమిలి కుమిలి ఏడ్చాడు. పెట్టిన నియమాన్ని నడుమ ఎక్కడా సడలించలేదు.

1951 నాటి సినిమా ‘పాతాళభైరవి’ కూడా అంతే. మధిర సుబ్బన్న దీక్షితుల కాశీమజిలీ కథల్లోంచి బీజం తీసుకుని విజయావారు కొత్త చెట్టు పెంచారు. అందులోని మాయబొమ్మ ఎవరి చేతిలో ఉంటే వాళ్ల మాట వింటుంది. మంచివాడా, చెడ్డవాడా అని చూడదు. ఆ ఒక్క నియమం వల్లే తోటరాముడికి భాగ్యమూ దక్కింది, అదే నియమం వల్ల మాంత్రికుడి చేతిలో సర్వమూ పోయింది. కాశీమజిలీలు చదివినవాళ్లూ చదవనివాళ్లూ ఒకే బెంచీ మీద కూర్చుని చూశారు. చివరికి బొమ్మ మళ్లీ రాముడి చేతికి వచ్చినప్పుడు ఇద్దరికీ ఒకేసారి ఊపిరి తిరిగింది.

‘చంద్రకాంత’కు ఆ అదృష్టం పట్టలేదు.

నవల నాలుగు భాగాలది. సీరియల్ వారం వారం నడుస్తూ నూరు భాగాలు దాటింది. జనం చూస్తున్నంతకాలం ప్రకటనలు వస్తాయి. ప్రకటనలు వస్తున్నంతకాలం కథను ముగించమని ఎవరంటారు? ఉన్న కథ చాలక కొత్త కథ పోయడం మొదలైంది. పుస్తకంలో క్రూర్‌సింగ్ కథను ఎత్తుకోవడానికి వేసిన మెట్టు. తెరమీద జనం వాడిని నెత్తిన పెట్టుకోవడంతో ఆ మెట్టే మేడంత పెరిగింది. శివదత్తుడు విషపురుషుడయ్యాడు. నాగకన్యలు, విషకన్యలు, కొత్త వీరులు, కొత్త రాజ్యాలు పుట్టుకొచ్చాయి. ఖత్రీ ఒళ్లు దగ్గర పెట్టుకుని బయటికి పంపిన మంత్రం పెరటి తలుపు గుండా తిరిగి వచ్చి నట్టింట్లో కూర్చుంది.

తొలి దెబ్బ చదివినవాళ్లకు తగిలింది. హిందీ దేశంలో ఆ నవల మూడు తరాల ఇంటి ఆస్తి. వాళ్లు ఎదురుచూసింది యంత్రం బయటపడే క్షణం కోసం. బొమ్మ కడుపులో ఏముందో, గోడ ఎట్లా తెరుచుకుందో తెలిసే క్షణం కోసం. మంత్రం వచ్చాక ఆ క్షణం రాదు. దేనికైనా మంత్రమే జవాబయ్యాక ప్రశ్నకు విలువ లేదు. నియమం తప్పిన సంగతి చదువరికి ముందు తెలుస్తుంది. అతని దగ్గర అసలు ప్రతి ఉంది గనుక.

కొత్తవాడికి ఆలస్యంగా తెలుస్తుంది. అతనికి ముందు వేషాల రూపంలో తెలిసింది. వేషం వేయడం అయ్యారు వృత్తి. ఆ విద్యను కొద్దిగా వాడితే కథకు ప్రాణం. ముఖం మీది తొడుగు పీకేస్తే ఎవడైనా ఎవడైనా కావచ్చని వారం వారం చూపిస్తే, చావు చావు కాకుండా పోతుంది, ద్రోహం ద్రోహం కాకుండా పోతుంది. పైగా ఆ రోజుల్లో మా ఊళ్లలో కరెంటు దయ. ఒక ఆదివారం కరెంటు పోతే ఆ భాగం పోయినట్టే. మళ్లీ వేసేవాడు లేడు, చూపించేవాడు లేడు. పుస్తకం చదివేవాడు అనుమానం వస్తే నాలుగు పేజీలు వెనక్కి తిప్పుతాడు. వారానికోసారి టీవీ ముందు కూర్చునేవాడికి వెనక్కి తిప్పుకునే పేజీ లేదు. ఒక్క వారం తప్పినవాడు మరుసటి వారం వచ్చి చూస్తే పోయినవాడు బతికి ఉన్నాడు, మిత్రుడు శత్రువు పక్కన నిలబడి ఉన్నాడు.

“తాతా, ఈయన పోయిన వారమే సచ్చిండు గద?”

“సచ్చినోడు ఈయన కాదంట బిడ్డా. ఈయన లెక్క యేసం గట్టినోడంట.”

“మరి ఇప్పుడున్నది ఈయనేనా? ఇంకోడా?”

తాత చాలాసేపు తెరవైపు చూశాడు. “నాకూ ఎర్క లేదు,” అన్నాడు.

‘హోష్‌రుబా’లో వందలమంది మాంత్రికులను పేరుపేరునా గుర్తుపెట్టుకున్న మనిషి అన్న మాట అది. ఆ తర్వాత ఆదివారాల్లో ఆయన లోపలికి రావడం తగ్గించాడు. అరుగు మీద పేపరు చదువుకునేవాడు. లోపల్నుంచి పిల్లలు కేకేసి అడిగితే, “మీరే జూడుండ్రి,” అనేవాడు. అర్థం చెప్పే మనిషి లేచిపోయాక పిల్లలు గుర్రాల కోసం, కత్తుల కోసం, “యక్కూ” కోసం ఇంకొన్ని వారాలు కూర్చున్నారు. చదువరి అలిగితే మాట్లాడతాడు, ఉత్తరం రాస్తాడు, నలుగురిలో తగువు పెట్టుకుంటాడు. కొత్తవాడికి అలక ఉండదు. తోచకపోతే లేచి క్రికెట్ ఆడుకోవడానికి పోతాడు. సీరియళ్లు తీసేవాళ్లు చదువరుల అరుపులకు భయపడతారు గాని, నిజంగా భయపడాల్సింది ఈ చప్పుడు లేని నిష్క్రమణకు.

అంతలో పొద్దు మారింది. 1995 ఆగస్టు 27న ఈటీవీ మొదలైంది. జెమినీ కూడా ఆ ఏడే వచ్చింది. డాబాల మీద యాంటెనాలు తీసి, కరెంటు స్తంభాల మీదుగా కేబుల్ తీగలు లాగారు. రోజంతా తెలుగులో మాట్లాడే టీవీ ఇంటికి వచ్చాక పరాయి భాషలో చిక్కుపడ్డ కథ కోసం ఎవరు కష్టపడతారు? అటు 1996లో దూరదర్శన్ ‘చంద్రకాంత’ ప్రసారాన్ని ఆపేసింది. నిర్మాతకూ దూరదర్శన్‌కూ తగవు కోర్టుకెక్కింది. ఆ కోర్టు కథ ఢిల్లీ పత్రికల్లో వచ్చిందేమో గాని, మా బజారులో దాన్ని ఎవరూ చెప్పుకోలేదు. చంద్రకాంత చివర చూశామన్న మనిషి మా చుట్టుపక్కల ఇంతవరకు తగల్లేదు.

తర్వాత ఆమెను లేపాలని చాలామంది చూశారు. 2011లో సహారా వన్‌లో ‘కహానీ చంద్రకాంతా కీ’ వచ్చింది. 2017లో ఏకంగా ఇద్దరు చంద్రకాంతలు ఒకే ఏడు రెండు చానళ్లలో దిగారు. ఒకరు లైఫ్ ఓకేలో, ఒకరు ఏక్తా కపూర్ చేతుల మీదుగా కలర్స్‌లో. గ్రాఫిక్స్ పెరిగాయి, నగలు పెరిగాయి, రాకాసులు పెరిగారు. ఖత్రీ నియమం మాత్రం ఎవరికీ గుర్తు రాలేదు. 1994 నాటి ఊపులో పావు వంతు కూడా ఎవరికీ దక్కలేదు.

ఈ శాపం మన దేశానికే పరిమితం కాదు. దూరదర్శన్ చంద్రకాంతను ఆపేసిన 1996లోనే అమెరికాలో జార్జ్ ఆర్.ఆర్. మార్టిన్ ‘ఎ గేమ్ ఆఫ్ థ్రోన్స్’ నవల అచ్చయింది. 2011లో అది హెచ్‌బీఓ తెరకెక్కి, ఎనిమిది సీజన్లు, 73 భాగాలు నడిచింది. మొదటి నాలుగైదేళ్లు పుస్తకం వెన్నుదన్నుగా ఉంది. కథానాయకుడనుకున్నవాడి తల తెగినప్పుడు కొత్తవాళ్లు నిర్ఘాంతపోయారు. చదివినవాళ్లు వాళ్ల ముఖాలు చూసి మా తాత లాగే మురిసిపోయారు. చేసిన పనికి ఫలితం అనుభవించాల్సిందే, ఎంతటివాడైనా సరే అన్నది ఆ కథ నియమం. 2011లో అయిదో పుస్తకం వచ్చాక ఆరోది ఇంతవరకు రాలేదు. తెర పుస్తకాన్ని దాటిపోయింది. రోజులకు రోజులు పట్టిన ప్రయాణాలు గంటల్లో ముగియడం మొదలైంది. చావాల్సినవాళ్లు చావలేదు. 2019లో చివరి సీజన్‌ను మళ్లీ తీయమంటూ పది లక్షల మందికి పైగా సంతకాలు పెట్టారు. ఆ సంతకాల్లో చదివినవాళ్లెందరో, చదవనివాళ్లెందరో వేరుచేయడం కుదరదు. నియమం తప్పాక ఇద్దరిదీ ఒకే నష్టం.

‘ది వీల్ ఆఫ్ టైమ్’ది ఇంకా జాలిగొలిపే కథ. ఆ నవలల వరసను రాబర్ట్ జోర్డన్ 1990లో మొదలుపెట్టి 2007లో పోయాడు. ఆయన వదిలిపోయిన రాతల ఆధారంగా బ్రాండన్ శాండర్సన్ మిగిలింది రాసి 2013కల్లా పద్నాలుగు సంపుటాలూ పూర్తిచేశాడు. ఖత్రీ కొడుకు ‘భూతనాథ్’ను పూర్తిచేసినట్టే. అంటే తెరకు ఈసారి ముగింపు చేతిలోనే ఉంది. 2021 నవంబరులో సీరియల్ అమెజాన్ ప్రైమ్‌లో మొదలైంది. మొదటి భాగంలోనే పెరిన్ అనే పాత్రకు పుస్తకంలో లేని భార్యను తెచ్చి, అతని చేతే పొరపాటున చంపించారు. చదువరులు అక్కడే సగం మంది మొహం తిప్పుకున్నారు. ముగ్గురు మిత్రుల్లో ఒకడి వేషం వేసిన నటుడు నడుమనే వెళ్లిపోవడంతో, కొత్తవాళ్లు అప్పుడప్పుడే గుర్తుపడుతున్న ముఖం మారిపోయింది. తీసేవాళ్లు తప్పులు దిద్దుకున్నారు. మూడో సీజన్‌ను మొహం తిప్పుకున్నవాళ్లు కూడా మెచ్చుకున్నారు. అయితే మెచ్చుకోవడానికి మిగిలినవాళ్లే తక్కువ. 2025 మే నెలలో ఇక తీయబోమని ప్రకటించేశారు. పద్నాలుగు సంపుటాల కథ మూడు సీజన్లతో నడిరోడ్డున నిలిచింది. చదివినవాడు ఇంటికి పోయి అలమరలోంచి చివరి సంపుటం తీసుకోగలడు. కథను తెరమీదే మొదటిసారి కలిసినవాడికి అలమర లేదు.

మా ఊళ్ల చంద్రకాంతకూ సరిగ్గా ఇదే జరిగింది. ఆ సీరియల్ కోసం వేషం కట్టినవాళ్లు ఒక్కొక్కరే వెళ్లిపోతున్నారు. ఇర్ఫాన్ 2020లో పోయాడు. 2025 అక్టోబరులో పంకజ్ ధీర్ పోయినప్పుడు సూర్యాపేటలో నడివయసువాళ్లు ఫోన్లలో కర్ణుడి ఫొటోలే పెట్టుకున్నారు. శివదత్తుడి ఫొటో ఒక్కటీ నా కంటపడలేదు. రెండు వేషాలూ ఆ మనిషివే, ఇద్దరినీ అదే టీవీలో చూశాం. కర్ణుడి కథ యుద్ధభూమిలో రథచక్రం దగ్గర ముగిసింది, తెలిసినవాడికీ తెలియనివాడికీ ఒకే ఏడుపు మిగిల్చింది. శివదత్తుడు ఏమయ్యాడో ఎవరూ చెప్పలేరు.

ఇవాళ మిర్యాలగూడ రైసుమిల్లుల్లో బస్తాలు మోసే హమాలీల్లో చాలామంది బీహారు నుంచి వచ్చినవాళ్లు. ఖత్రీ పుట్టిన నేల వాళ్లది. మిల్లు గేటు ముందు టీ కొట్టు దగ్గర సాయంత్రం పూట ఫోన్లో పాత ‘చంద్రకాంత’ భాగాలు పెట్టుకుని చూసేవాళ్లు ఉంటారు. పక్కన నిలబడ్డ మనవాడు ఒక క్షణం ఆగి, క్రూర్‌సింగ్ కనుబొమలను గుర్తుపట్టి నవ్వుతాడు. తర్వాత ఏమైందని మాత్రం అడగడు.

అడిగితే చెప్పడానికి జవాబు ఉంది. 1888 నుంచీ అచ్చులోనే ఉంది. పుస్తకంలో తిలిస్మ్ తెగుతుంది. వీరేంద్రసింగ్ దాన్ని బలంతో కాదు, లోపలి ఏర్పాటు అర్థం చేసుకుని గెలుస్తాడు. నిధి దక్కుతుంది. చంద్రకాంతకూ అతనికీ పెళ్లవుతుంది. వాళ్ల కొడుకులు ఇంద్రజీత్‌సింగ్, ఆనంద్‌సింగ్ పెద్దవాళ్లై ‘సంతతి’లో ఇంకో తిలిస్మ్ వైపు నడుస్తారు. ఖత్రీ తన పాఠకులకు పెట్టిన ప్రతి చిక్కునూ తానే విప్పి చూపించాడు.

మా బజారు తాతకు ఈ ముగింపు తెలియకుండానే పోయింది. ఆయన చదివింది వేరే తిలిస్మ్. ఈ తిలిస్మ్‌ను ఆయనకు చూపిస్తానని వచ్చింది టీవీయే. చదివినవాడికి కథ తన కట్టుబాటు బాకీ పడి ఉంటుంది. కొత్తగా వచ్చినవాడికి ముగింపు బాకీ పడి ఉంటుంది. మొదటి బాకీ ఎగ్గొట్టిన నాడే రెండోది తీర్చే శక్తి పోతుంది. ‘చంద్రకాంత’ సీరియల్ ఆ వరసలోనే రెండూ ఎగ్గొట్టి పోయింది.